ఆపరేషన్ అయిపోయింది, తిమ్మిరి ఎందుకు పోలేదు?

డిస్క్ ఆపరేషన్ చేయించుకుని కుట్లు విప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "కాలు లాగడం పోయింది డాక్టరుగారూ, కానీ పాదం పక్కన తిమ్మిరి అలాగే ఉంది. ఆపరేషన్ సరిగ్గా జరగలేదా?" డాక్టరు "తగ్గుతుందిలే" అంటారు. బయట ఇంకో పాతికమంది ఎదురుచూస్తుంటారు కాబట్టి అంతకంటే చెప్పే తీరిక ఉండదు. రోగి ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికెళ్ళి, రాత్రుళ్ళు పాదం తడుముకుంటూ దిగులు పడతాడు. ఆ తిమ్మిరికి అసలు కారణం తెలిస్తే దిగులు సగం తగ్గుతుంది. ఈ ఆపరేషన్ నరం మీది ఒత్తిడిని తీసేస్తుంది, అంతే. నలిగిన నరాన్ని గానీ చిట్లిన డిస్కును గానీ అది బాగుచేయదు. ఆ పని శరీరమే చేసుకోవాలి. చర్మానికి, నరానికి, డిస్కుకు దేని వేగం దానిదే.

ముందు పెద్ద భయం సంగతి తేల్చుకుందాం. "వెన్నులో కత్తి పెడితే కాళ్ళు పడిపోతాయి" అనే మాట మన ఇళ్ళలో ఇప్పటికీ వినిపిస్తుంది. వెన్నుపాము మనిషి నడుము చివరిదాకా ఉండదు. పెద్దవాళ్ళలో అది మొదటి, రెండో కటి (నడుము) వెన్నుపూసల దగ్గరే ముగిసిపోతుంది. అక్కడి నుంచి కిందికి నరాల మూలాలు ఒక కుచ్చులా, ద్రవంలో తేలుతూ వేలాడతాయి. నడుములో డిస్క్ సమస్యలు నూటికి తొంభై ఐదు దాకా చివరి రెండు చోట్లే వస్తాయి. వాటినే రిపోర్టుల్లో ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అని రాస్తారు. అంటే కత్తి పెట్టే చోట వెన్నుపాము అసలు ఉండదు. నరం మూలానికి దెబ్బ తగలడం, నరాల చుట్టూ ఉన్న పొర చిరగడం లాంటి ప్రమాదాలు లేవని కాదు. కానీ రెండు కాళ్ళూ చచ్చుబడిపోవడమన్నది చాలా అరుదు. ఈ సంగతి తెలియక ఏళ్ళ తరబడి నొప్పి భరించినవాళ్ళు, పాదం బలం పూర్తిగా పోయాక ఆస్పత్రికి వచ్చినవాళ్ళు మనలో ఎంతోమంది.

డిస్క్ జారిందంటాం గానీ నిజానికి అది జారదు, చిట్లుతుంది. రెండు వెన్నుపూసల మధ్య ఉండే ఈ బిళ్ళకు బయట పదిహేను నుంచి పాతిక దాకా గట్టి పొరలుంటాయి. లోపల మెత్తటి గుజ్జు. చిన్న వయసులో ఆ గుజ్జులో ఎనభై శాతం దాకా నీరే. వయసుతో అది ఎండుతుంది, పొరల్లో పగుళ్ళు వస్తాయి. ఒకరోజు దగ్గో తుమ్మో వంగి ఏదో ఎత్తడమో జరిగి, ఆ పగులులోంచి గుజ్జు బయటికి తోసుకొస్తుంది. ఆ తుమ్ము ఆఖరి కారణం మాత్రమే. కవలల మీద ఫిన్లండ్‌లో జరిగిన దీర్ఘకాల పరిశోధన డిస్క్ అరుగుదలలో వంశపారంపర్యం పాత్ర చాలా పెద్దదని తేల్చింది. "ఆ రోజు ఆ బిందె ఎత్తకుండా ఉంటే" అని తనను తాను తిట్టుకోవాల్సిన పని ఎవరికీ లేదు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. శరీరంలో రక్తనాళాలు లేని భాగాల్లో అన్నిటికంటే పెద్దది డిస్కే. పైనా కిందా ఉన్న వెన్నుపూసల నుంచి పోషకాలు మెల్లగా ఊరుతూ రావాలి. అందుకే అది అరిగితే తొందరగా బాగుపడదు. సిగరెట్, బీడీ మానమని సర్జన్లు పదేపదే చెప్పడానికి కారణం కూడా ఇదే. అసలే అంతంతమాత్రంగా అందే పోషణను పొగ ఇంకా తగ్గిస్తుంది.

నడుములో చిట్లితే కాలు ఎందుకు లాగుతుంది? నడుము నుంచి బయల్దేరే నరాల మూలాలు కొన్ని కలిసి సయాటిక్ నరంగా మారతాయి. శరీరంలో అన్నిటికంటే లావైన నరం అది. పిరుదు వెనక నుంచి తొడ మీదుగా పాదం దాకా దాని కొమ్మలు పోతాయి. మూలం దగ్గర నొక్కితే, మెదడు ఆ బాధను నరం వెళ్ళే దారంతా ఉన్నట్టు లెక్కగడుతుంది. ఐదో కటి మూలం (ఎల్5) నలిగితే పాదం పైభాగం మొద్దుబారి, బొటనవేలు పైకెత్తే బలం తగ్గుతుంది. మొదటి త్రిక మూలం (ఎస్1) నలిగితే మడమ, చిటికెనవేలి వైపు మొద్దుబారి, మునివేళ్ళ మీద లేవడం కష్టమవుతుంది. అయితే ఒత్తిడి ఒక్కటే దోషి కాదు. 1993లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు పందుల నరాల మూలాల మీద డిస్క్ గుజ్జును ఊరికే ఉంచి చూశారు. ఎక్కడా నొక్కలేదు. అయినా నరం పనితీరు దెబ్బతింది. గుజ్జులోని రసాయనాలే నరంలో మంట, వాపు పుట్టిస్తాయన్నమాట. ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్ళు కాలు జివ్వుమనడానికి ఈ వాపు ఒక కారణం.

ఈ జబ్బు చరిత్ర చిత్రమైనది. కాలు లాగడం నరానికి సంబంధించిన బాధ కావచ్చని 1764లోనే నేపుల్స్ వైద్యుడు డొమెనికో కొటున్యో పుస్తకం రాశాడు. కానీ దాని వెనక డిస్క్ ఉందని తెలియడానికి ఇంకో నూట డెబ్బై ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా వెన్నులోంచి తీసిన ముక్కల్ని చూసి సర్జన్లు మృదులాస్థి కంతులనుకునేవారు. అమెరికాలో బోస్టన్‌కు చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో ప్రచురించిన పత్రంతో అవి కంతులు కావని, చిట్లిన డిస్క్ ముక్కలని లోకానికి అర్థమైంది. 1977లో యాసార్గిల్, కాస్పర్ అనే సర్జన్లు సూక్ష్మదర్శిని సాయంతో చేసే పద్ధతిని వివరించారు. ఇప్పుడు మన ఊళ్ళలో జరుగుతున్న మైక్రో డిస్కెక్టమీ దాని వారసురాలే.

మరి అందరికీ ఆపరేషన్ కావాలా? అక్కర్లేదు, ఈ మాట గట్టిగానే చెప్పాలి. బయటికొచ్చిన గుజ్జును శరీరం పరాయి వస్తువుగా గుర్తించి, రోగనిరోధక కణాలతో కొద్దికొద్దిగా తినేస్తుంది. ముక్క ఎంత పెద్దదైతే, ఎంత విడిగా తెగిపడితే, కరిగిపోయే అవకాశం అంత ఎక్కువ. నెదర్లాండ్స్‌లో 283 మంది మీద జరిపి 2007లో ప్రచురించిన పరీక్ష నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. సగంమందికి వెంటనే ఆపరేషన్ చేయాలని నిర్ణయించారు. మిగతా సగాన్ని మందులతో ఆపి, అవసరమైతేనే చేశారు. అలా ఆగినవారిలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కే వచ్చారు. వెంటనే చేయించుకున్న జట్టు నాలుగు వారాల్లో కోలుకుంటే, ఆగిన జట్టుకు పన్నెండు వారాలు పట్టింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ 95 శాతం మంది బాగయ్యారు. కాబట్టి బలం తగ్గిపోతున్నా, మూత్రం మీద పట్టు తప్పుతున్నా ఆపరేషన్ తప్పనిసరి. ఉత్త నొప్పి అయితే, ఆరు నుంచి పన్నెండు వారాలు ఓపిక పట్టి చూడటమా, త్వరగా ఉపశమనం పొందడమా అన్నది రోగి ఎంచుకోవాల్సిన విషయం. ఎమ్మారై రిపోర్టు చూపించి భయపెట్టి తీసుకునే నిర్ణయం కాకూడదు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళకు ఎమ్మారై తీసినా నూటికి ముప్ఫై మందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది.

ఇక ఆపరేషన్ బల్ల దగ్గరికి వెళ్దాం. రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రేతో సరైన చోటు ఇదేనని ఖాయం చేసుకుంటారు. చర్మం మీద కోత అంగుళం అటూ ఇటూ. కండరాన్ని ఎముక మీంచి పక్కకు జరిపి, రెండు పూసల మధ్య ఉండే పసుపు రంగు లిగమెంటును కొద్దిగా తెరుస్తారు. అవసరమైతే అంచున రవ్వంత ఎముక గీకుతారు. సూక్ష్మదర్శిని కింద అప్పుడు నరం మూలం కనిపిస్తుంది. ఎర్రగా వాచి, కింది ముక్క మీద బిగుసుకుపోయి ఉంటుంది. దాన్ని సన్నని కొక్కెంతో మెల్లగా పక్కకు తప్పించి, సన్నమూతి పట్టకారుతో గుజ్జు ముక్కను లాగుతారు. వండిన పీత మాంసంలా తెల్లగా, పీచుపీచుగా ఉంటుందది. ముక్క బయటికి రాగానే నరం వదులై కదలడం కంటికే కనిపిస్తుంది. డిస్క్ మొత్తాన్ని తీసేయరు. బయటికొచ్చినదీ, లోపల వదులుగా ఉన్నదీ తీసి మిగతాది వదిలేస్తారు. పొరలో పడిన చిల్లును మామూలుగా కుట్టరు. అది మచ్చకట్టి దానంతటదే మూసుకోవాలి.

అదే రోజు సాయంత్రం గానీ మర్నాడు గానీ నడిపిస్తారు. అంతకుముందు మంచం మీంచి లేవడం నేర్పుతారు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. వెల్లకిలా ఉన్నవాళ్ళు అలాగే నడుం వంచి లేవకూడదు. మోకాళ్ళు ముడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలాలి. కాళ్ళు మంచం మీంచి దించుతూ, మోచేయి, అరచేయి ఆనించి పైకి లేవాలి. పడుకునేటప్పుడు ఇదే వరస తిరగేసి. కొన్నాళ్ళకు ఒళ్ళు దానికే అలవాటు పడుతుంది, జీవితాంతం అలాగే లేచినా మంచిదే.

ఆపరేషన్ తర్వాత మేలుకోగానే కాలి నొప్పి పోవడం చాలామందికి కలిగే మొదటి ఆశ్చర్యం. నెలల తరబడి కాల్చుకు తిన్న బాధ ఒక్కసారిగా మాయమవుతుంది. అయితే నడుములో కోత నొప్పి రెండు మూడు వారాలుంటుంది. వాపు పెరిగినప్పుడు, మొదటి నెలలో ఏదో ఒకరోజు, పాత దారిలోనే కాలు మళ్ళీ కొంచెం లాగొచ్చు. ఆ రోజు చాలామంది "తిరగబెట్టింది" అని కుంగిపోతారు. వాపు వల్ల వచ్చేది మెల్లగా పెరిగి, విశ్రాంతితో, మందులతో తగ్గుతుంది. నిజంగా తిరగబెట్టినప్పుడు పాత నొప్పి అదే తీవ్రతతో, తరచు ఫలానా క్షణంలో వచ్చిందని చెప్పగలిగేలా వస్తుంది, తగ్గకుండా నిలుస్తుంది.

ఇప్పుడు తిమ్మిరి దగ్గరికి వద్దాం. నరమంటే వేల నారల కట్ట. నొప్పిని మోసేవి సన్నవి. స్పర్శనూ కండరాల ఆదేశాలనూ మోసేవి కొవ్వు తొడుగు ఉన్న లావు నారలు. ఒత్తిడికి ముందు దెబ్బతినేవి ఈ లావు నారలే. తొడుగు మాత్రమే దెబ్బతింటే వారాల్లో, నెలల్లో మళ్ళీ అమరుతుంది, సంకేతాలు నడుస్తాయి. నార లోపలి తీగే తెగిపోతే అది తిరిగి పెరగాలి. ఆ పెరుగుదల రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి మోకాలి కింది కండరం దాకా అర మీటరుకు పైగా దూరం. లెక్కవేస్తే ఐదు వందల రోజులు దాటుతుంది. అదృష్టవశాత్తూ మొత్తం కట్ట తెగదు. మిగిలిన నారలు కొత్త కొమ్మలు వేసి పక్క కండర పోగుల్ని కూడా ఏలుకుంటాయి. అందుకే బలం ఆ లెక్క కంటే ముందే రావడం చూస్తాం. మామూలుగా నొప్పి ముందు పోతుంది, తర్వాత బలం వస్తుంది, తిమ్మిరి చివరికి తగ్గుతుంది. ఆపరేషన్‌కు ముందు నరం ఎంతకాలం, ఎంత గట్టిగా నలిగిందన్న దాన్నిబట్టి కొద్దిపాటి మొద్దుబారడం కొందరికి శాశ్వతంగా ఉండిపోవచ్చు కూడా. అది ఆపరేషన్ విఫలమైన గుర్తు కాదు. చూసుకోవాల్సింది బలాన్ని. గోడ పట్టుకుని మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వేసి, రెండు కాళ్ళనూ పోల్చుకుంటే చాలు. ఆ బలం తగ్గుతూ పోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి.

డిస్క్ మీద ఏ భంగిమలో ఎంత ఒత్తిడి పడుతుందో జర్మనీలోని ఉల్మ్‌లో నేరుగా కొలిచారు. 1999లో ప్రచురించిన ఆ పరిశోధనలో ఆరోగ్యంగా ఉన్న ఒక వ్యక్తి తన నాలుగో డిస్కులో సన్నని కొలమానం పెట్టించుకున్నాడు. పడుకుంటే 0.1 మెగాపాస్కల్. నిలబడితే 0.5. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే 2.3, అంటే నిలబడినప్పటికి నాలుగు రెట్ల కంటే ఎక్కువ. అదే బరువును మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. ఒంటికి దగ్గరగా పట్టుకుని నిలబడితే 1.1. మన ఇళ్ళలో తాగునీటి క్యాన్ 20 లీటర్లు, అందులోని నీళ్ళే 20 కిలోలు. నిండు గ్యాస్ సిలిండరు దాదాపు 30 కిలోలు. ఈ రెండింటినీ కొన్ని నెలలు ఇంకొకరికి అప్పగించాలి. ఆ తర్వాత కూడా మోకాళ్ళు వంచి, ఒంటికి హత్తుకునే ఎత్తాలి.

అదే పరిశోధనలో రాత్రి నిద్రలో ఒత్తిడి 0.10 నుంచి 0.24కు పెరిగింది. పడుకున్నప్పుడు డిస్క్ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. అందుకే తెల్లారి లేచినప్పుడు మనం సెంటీమీటరు, ఆపైన పొడుగ్గా ఉంటాం. ఆ ఉబ్బిన డిస్క్ మీద వంగితే పొరలపై పడే ఒత్తిడి ఎక్కువ. మన ఆడవాళ్ళు ఊడ్చి, కళ్ళాపి చల్లి, నడుం పూర్తిగా వంచి ముగ్గు పెట్టేది సరిగ్గా ఆ గంటలోనే. ఆపరేషన్ అయిన ఇంట్లో ముగ్గు ఇంకొకరు పెట్టాలి. ఇది ఇంటి మగవాళ్ళకు నేను చేసే విన్నపం.

అలాగని మంచానికి అతుక్కుపోతే అంతకంటే నష్టం. ఒకప్పుడు నెలల తరబడి ఆంక్షలు పెట్టేవారు. 1996లో అమెరికా సర్జన్ యూజీన్ కారజీ బృందం 50 మంది రోగులకు ఆ ఆంక్షలేవీ లేకుండా, చేయగలిగినంత వరకు మామూలు పనుల్లోకి త్వరగా వెళ్ళమని చెప్పింది. వాళ్ళలో ఎక్కువమంది అనుకున్నదానికంటే ముందే ఉద్యోగాలకు వెళ్ళారు, తిరగబెట్టడం మామూలు కంటే ఎక్కువగా కనిపించలేదు. పోల్చి చూసే రెండో జట్టు లేని చిన్న పరిశోధన అది. అయినా ఆలోచనను మార్చింది. తర్వాత 22 పరీక్షల్ని కలిపి 2014లో కాక్రేన్ సంస్థ చేసిన సమీక్ష, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య మొదలుపెట్టిన వ్యాయామం నొప్పినీ ఇబ్బందినీ తగ్గిస్తుందనీ, రెండో ఆపరేషన్ అవసరాన్ని పెంచుతున్నట్టు ఆధారం లేదనీ చెప్పింది.

మొదటి మందు నడకే. ఇంట్లో కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి, రోజుకు నాలుగైదు సార్లు, సమతలం మీద నడవాలి. ఒకేసారి గంట నడిచి మర్నాడు మూలపడటం కంటే ఇది మేలు. కూర్చోవడం మాత్రం మొదట్లో కొద్దిసేపే. వెన్ను ఆనే ఎత్తైన కుర్చీలో కూర్చుని, మధ్యమధ్యలో లేచి తిరగాలి. నేల మీద బాసింపట్టు, పీట, నులకమంచం, గుంతల రోడ్డు మీద బండి ప్రయాణం కొన్నాళ్ళు వద్దు. కుట్లు మానాక ఫిజియోథెరపిస్టు చెప్పిన కండరాల వ్యాయామాలు మొదలుపెట్టాలి. నడుం బెల్టు నెలల తరబడి పెట్టుకుంటే కండరం దాని మీదే ఆధారపడుతుంది. ఇక నడుము తొక్కించుకోవడం, ఎముకలు చిటుక్కుమనిపించే వైద్యాలు ఆపరేషన్ అయినవాళ్ళ జోలికి రాకూడదు.

తిండి గురించి ఒక మాట. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మన పెద్దవాళ్ళు ఎంత ప్రేమతో చెప్పినా అందులో నిజం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. శాకాహారులకు అవి ఎక్కువగా దొరికేది పప్పులోనే. ఈ పథ్యం ఇంకో చిక్కు కూడా తెస్తుంది. ట్రమడాల్ లాంటి నొప్పి మందులు మలబద్ధకం చేస్తాయి. కూరలూ పప్పూ మానేసి చారన్నంతో గడిపితే అది రెట్టింపవుతుంది. ముక్కితే డిస్క్ మీద ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. ఆకుకూరలు, పండ్లు, నీళ్ళు, కొన్నాళ్ళు కమోడ్ కుర్చీ, ఇవి మందుల చీటీలో లేకపోయినా మందులే.

తిరగబెట్టే అవకాశం నూటికి ఐదు నుంచి పదిహేను దాకా ఉంది. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్‌కు 2014లో ఒకసారి, 2015లో రెండుసార్లు మైక్రో డిస్కెక్టమీ చేశారు. 2017లో పూసల్ని కలిపేసే ఆపరేషన్ చేయాల్సివచ్చింది. అయినా 2019 ఏప్రిల్‌లో ఆయన మాస్టర్స్ గోల్ఫ్ టోర్నీ గెలిచాడు. మెలితిరిగే ఆట వృత్తిగా లేని మనకు అన్నిసార్లు కత్తి అవసరం పడటం అరుదు. రెండోసారి పడినా దారి మూసుకుపోయినట్టు కాదు.

చివరగా, ఆపరేషన్ అయినవాళ్ళూ, డిస్క్ నొప్పితో మందులు వాడుతున్నవాళ్ళూ అందరూ గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి. కోత దగ్గర ఎర్రబడి రసి కారడం, జ్వరం, రెండు మూడు వారాల తర్వాత నడుంనొప్పి తగ్గాల్సింది పోయి పెరగడం ఇన్ఫెక్షన్ గుర్తులు. ఒక పిక్క వాచి నొక్కితే నొప్పి పుడితే సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి. ఇవి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినవి. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. మూత్రం వస్తున్నట్టు తెలియకపోవడం, ఎంత ప్రయత్నించినా రాకపోవడం, మర్మాంగాల చుట్టూ, మలద్వారం చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడటం. నడుం కింది నరాల కుచ్చు మొత్తం నలుగుతోందని దాని అర్థం. ఆలస్యమైతే మూత్రం మీద పట్టు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్ళు, తెల్లవారేదాకా ఆగుతారు. దయచేసి ఆగకండి. అర్ధరాత్రయినా సరే, ఎమ్మారై, వెన్ను సర్జన్ ఉన్న ఆస్పత్రికి ఆ రాత్రే బయల్దేరండి.